నాలుగు అరచేతుల మీద పరుగు

గంటకు 290 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగల కారు ఒకటి ఉంది. దాని బరువు సుమారు 1,500 కిలోలు. అంత కారూ నేలను ఎంత మేర తాకుతుందో చెప్పగలరా? మీరు రాసుకునే ఏ-4 సైజు తెల్లకాగితం ఉంది చూశారా? దాదాపు అంతే!

లెక్క కష్టమైనదేమీ కాదు. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2.5 కిలోలు అనుకుందాం. కారు బరువును ముఖ్యంగా మోసేది ఆ గాలే. కాబట్టి 1,500ను 2.5తో భాగించండి. 600 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కొక్క దానికి 150. పెద్దవాళ్ళ చెయ్యి వేళ్ళతో సహా నేలమీద ఆనిస్తే పట్టే చోటు ఇంచుమించు అంతే ఉంటుంది. కారును పరుగు తీయించాలన్నా, మలుపు తిప్పాలన్నా, ఆపాలన్నా ఈ నాలుగు అరచేతులే ఆధారం. ఇంజను ఎంత బలమైనదైనా, బ్రేకులు ఎంత గొప్పవైనా, వాటి బలమంతా చివరకు ఈ నాలుగు రబ్బరు ముక్కల ద్వారానే నేలకు చేరాలి.

మనం చెప్పుకుంటున్న కారు పేరు పోర్షె 911. జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో తయారవుతుంది. 1963లో దీన్ని మొదటిసారి లోకానికి చూపినప్పుడు దాని టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. ఇటీవలి కారెరా రకానికి ముందు టైరు వెడల్పు 235, వెనక టైరు వెడల్పు 295 మిల్లీమీటర్లు. ఇంజను వెనక ఉండడంవల్ల బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాలమీద పడుతుంది. అందుకే ఆ తేడా.

ఈ కారు యజమానికి వసంతకాలం రాగానే ఒక సమస్య ఎదురవుతుంది. శీతాకాలపు టైర్లు విప్పించి వేసవి టైర్లు వేయించాలి. ఏ టైరు కొనాలి? దుకాణంలో నల్లగా, గుండ్రంగా అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాని వాటి మధ్య ఉన్న తేడా ఒక్కొక్కసారి ప్రాణానికీ ప్రమాదానికీ మధ్య ఉన్న తేడా. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

రబ్బరు సూత్రాలకు లొంగదు

ఘర్షణ గురించి మీరు పాఠంలో చదువుకునే ఉంటారు. ఘర్షణ బలం తాకే వైశాల్యంమీద ఆధారపడదు. అదిమే బలం ఎంత పెరిగితే ఘర్షణ కూడా అంత పెరుగుతుంది. ఫ్రాన్సు దేశపు అమోంతోం 1699లో చెప్పిన సూత్రాలివి. చెక్కకూ, ఇనుముకూ ఇవి చక్కగా వర్తిస్తాయి. రబ్బరు మాత్రం వీటికి లొంగదు. రబ్బరును ఎక్కువగా అదిమినకొద్దీ దాని ఘర్షణ గుణకం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. వేగం మారినా, వేడి మారినా కూడా అది మారిపోతుంది.

ఎందుకని? రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది.

మొదటిది అంటుకోవడం. రబ్బరు మెత్తనిది కాబట్టి రోడ్డులోని సన్నని ఎగుడుదిగుళ్ళలోకి దిగి కూర్చుంటుంది. రబ్బరు అణువులకూ, రోడ్డు అణువులకూ మధ్య ఆకర్షణ ఏర్పడుతుంది. ఇది పొడి రోడ్డుమీద బాగా పనిచేస్తుంది. మధ్య నీరో, దుమ్మో చేరితే తగ్గిపోతుంది.

రెండవది బద్ధకం! అవును, రబ్బరు బద్ధకమే మనల్ని కాపాడుతుంది. రోడ్డులోని కంకరరాయి టైరులోకి గుచ్చుకుంటుంది. టైరు కొద్దిగా జారుతూ ముందుకు పోతున్నప్పుడు రాయి ముందువైపు రబ్బరు నొక్కుకుపోతుంది, వెనకవైపు రబ్బరు తిరిగి యథాస్థితికి రావాలి. అది గబుక్కున వచ్చేస్తే వెనకనుంచి కూడా రాయిని అంతే బలంగా తోస్తుంది. రెండు తోపులూ చెల్లుకు చెల్లు, పట్టు సున్న! నిదానంగా వచ్చే రబ్బరైతే వెనకవైపు తోపు తక్కువ. ముందువైపు అడ్డుకునే బలమే మిగులుతుంది. అదే మనకు కావలసిన పట్టు. ఇందులో ఖర్చయిన శక్తి వేడిగా మారుతుంది. పోటీ కారు టైర్లు పరుగు తరువాత ముట్టుకోలేనంత వేడిగా ఉండేది అందుకే. తడి రోడ్డుమీద అంటుకోవడం తగ్గినా ఈ రెండవ పట్టు చాలావరకు నిలుస్తుంది.

1963లో కె. ఎ. గ్రోష్ అనే శాస్త్రజ్ఞుడు రబ్బరు ముక్కలను రకరకాల వేగాలతో, రకరకాల ఉష్ణోగ్రతల వద్ద జార్చి కొలిచాడు. ఆయన కొలతల్లో ఒక వింత బయటపడింది. వేగం పెంచినా, ఉష్ణోగ్రత తగ్గించినా రబ్బరు ఒకే విధంగా స్పందిస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

గంధకం, మసి

రబ్బరు చెట్టు పాలనుంచి వచ్చే పచ్చి రబ్బరు ఎండకు బంకలా సాగుతుంది, చలికి బిరుసెక్కుతుంది. టైరుకు పనికిరాదు. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందనీ, సాగినా మళ్ళీ యథాస్థితికి వస్తుందనీ కనుగొన్నాడు. రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. గంధకం ఆ గొలుసుల మధ్య అక్కడక్కడ ముడులు వేస్తుంది. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరుమీద ఈ పద్ధతికి 'వల్కనైజింగ్' అని పేరు వచ్చింది. మన ఊళ్ళలో పంక్చరు దుకాణాల బోర్డులమీద కనిపించే మాట అదే!

1904లో ఇంగ్లండులో మరో సంగతి తెలిసింది. రబ్బరులో సన్నని కర్బనపు మసి కలిపితే అది అరుగుదలకు బాగా తట్టుకుంటుంది. టైర్లు నల్లగా ఉండడానికి కారణం ఈ మసే.

చలికి పోయే పట్టు

ఇక అసలు విషయానికి వద్దాం. వేసవి టైరు అంటే ఏమిటి?

రబ్బరును చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత వద్ద అది గాజులాగా బిరుసైపోతుంది. గొలుసుల్లాంటి అణువులు కదలలేక బిగుసుకుపోతాయి. చెట్టు రబ్బరు విషయంలో ఇది సున్నకు దిగువన 70 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర జరుగుతుంది. బిరుసెక్కడం ఆ ఒక్క డిగ్రీ వద్ద హఠాత్తుగా మొదలుకాదు. దానికి చాలా ముందునుంచే రబ్బరు మెల్లమెల్లగా మందగిస్తుంది.

రబ్బరు చలికి మందగిస్తే ఎంత ఘోరం జరుగుతుందో 1986 జనవరి 28న లోకం చూసింది. గడ్డకట్టే చలి రాత్రి గడిచాక అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పైకి లేచింది. 73 సెకన్లకు ముక్కలైపోయింది. ఏడుగురు వ్యోమగాములు మరణించారు. పక్క రాకెట్ల అతుకుల్లో ఉంచిన రబ్బరు వలయాలు చలికి బిరుసెక్కి, వేడి వాయువులను ఆపలేకపోయాయి. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను నొక్కిపట్టి ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి, తీసి చూపించాడు. నొక్కు వదిలినా రబ్బరు వెంటనే యథాస్థితికి రాలేదు.

వేసవి టైరు తయారుచేసేవారు కావాలనే కొంచెం బద్ధకపు రబ్బరును ఎంచుకుంటారు. స్టైరీన్ పాలు ఎక్కువున్న కృత్రిమ రబ్బరు అలాంటిది. స్టైరీన్ పెంచినకొద్దీ అది బిరుసెక్కే ఉష్ణోగ్రత కూడా పైకి జరుగుతుంది. వేడి రోడ్డుమీద ఆ రబ్బరు అద్భుతంగా పట్టుకుంటుంది. కాని ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలకు దిగితే దాని బద్ధకం హద్దు మీరి బిరుసుతనంగా మారడం మొదలవుతుంది. సున్నకంటే బాగా దిగువన కొన్ని వేగపు టైర్లను కదిలించినా ట్రెడ్డు పగిలే ప్రమాదముందని తయారీదార్లే హెచ్చరిస్తారు.

శీతాకాలపు టైరు ఇందుకు తలకిందులు. చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరు, మంచును కరచిపట్టడానికి వందలాది సన్నని చీలికలు దాని గుర్తులు. ఎండాకాలంలో అదే టైరు మరీ మెత్తబడి, దాని ముక్కలు అటూ ఇటూ ఊగుతూ త్వరగా అరిగిపోతాయి. అన్ని కాలాలకూ ఒకటే టైరు కూడా దొరుకుతుంది. కాని అతివేగపు కారుకు అది ఉట్టికీ స్వర్గానికీ చెడ్డ చందం. అందుకే జర్మనీలో అక్టోబరు నుంచి ఈస్టరు దాకా శీతాకాలపు టైర్లు, ఆ తరువాత వేసవి టైర్లు అనే అలవాటు ఏర్పడింది. మంచు పేరుకున్న రోడ్డుమీద వేసవి టైర్లతో నడపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు.

పది మీటర్ల తేడా

పట్టు కొంచెం తగ్గితే ఏమవుతుంది? లెక్క వేసి చూద్దాం.

గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు 27.8 మీటర్లు. బ్రేకు వేశాక కారు ఎంత దూరంలో ఆగుతుందో కనుక్కోవడానికి వేగపు వర్గాన్ని, ఘర్షణ గుణకానికీ గురుత్వ త్వరణానికీ ఉన్న లబ్ధానికి రెట్టింపుతో భాగించాలి. మంచి వేసవి టైరుకు పొడి రోడ్డుమీద ఘర్షణ గుణకం 1 అనుకుంటే కారు 39 మీటర్లలో ఆగుతుంది. గుణకం 0.8 అయితే 49 మీటర్లు. తడి రోడ్డుమీద 0.5కు పడిపోతే 79 మీటర్లు. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోగా కారు పోయే దూరం ఇందులో చేరలేదు.

10 మీటర్ల తేడా పెద్దదా అంటారేమో! రెండు కార్లు పక్కపక్కన వస్తున్నాయనుకోండి. 39 మీటర్ల దూరంలో ఒక పిల్లవాడు రోడ్డు దాటుతున్నాడు. రెండు కార్ల డ్రైవర్లూ ఒకేసారి బ్రేకు వేశారు. మొదటి కారు పిల్లవాడి ముందు ఆగిపోయింది. అదే చోట రెండవ కారు వేగం ఎంత ఉంటుంది? గంటకు 45 కిలోమీటర్లు! ఆ తేడా వచ్చింది రబ్బరునుంచి.

మలుపులోనూ ఇంతే. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గుణకం 1 ఉంటే గంటకు 80 కిలోమీటర్ల వరకు తిరగవచ్చు. 0.8 అయితే 71. 0.5 అయితే 56. దాటితే కారు రోడ్డు వదిలి పోతుంది. విచిత్రమేమంటే ఈ సూత్రంలో కారు బరువు కనిపించదు. పైన, కింద రెండుచోట్లా ఉండి కొట్టుకుపోతుంది.

నీటి చీలిక

టైరుమీద గాళ్ళు ఎందుకుంటాయి? పట్టు కోసం అని చాలామంది అనుకుంటారు. పొడి రోడ్డుమీద నిజానికి గాళ్ళవల్ల పట్టు తగ్గుతుంది. గాడి ఉన్నచోట రబ్బరు లేదు కదా! పందెపు కార్లు పొడి రోజుల్లో నున్నని టైర్లతో పరుగెత్తేది అందుకే. గాళ్ళు ఉన్నది నీటికోసం.

రోడ్డుమీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచిందనుకోండి. 235 మిల్లీమీటర్ల వెడల్పు టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు సుమారు 15 లీటర్ల నీటిని దారినుంచి తప్పించాలి. అంటే ప్రతి సెకనుకూ ఒక నిండు బిందె! ఆ నీరంతా గాళ్ళలోంచి పక్కలకూ, వెనక్కూ పోవాలి. ట్రెడ్డులోని ప్రతి భాగమూ రోడ్డును తాకి ఉండేది సెకనులో 200వ వంతుకంటే తక్కువ కాలం. ఆలోగా పని పూర్తి కావాలి.

పూర్తి కాకపోతే టైరు నీటిమీద తేలిపోతుంది. స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు వినదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన లాంగ్లీ పరిశోధనా కేంద్రంలో 1960లలో విమానాల టైర్లమీద ఈ విషయం పరిశోధించారు. తేలడం మొదలయ్యే వేగం టైరులోని గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేలింది. ఆ సూత్రం ప్రకారం గాళ్ళు అరిగిన టైరులో చదరపు అంగుళానికి 32 పౌన్ల గాలి ఉంటే గంటకు 94 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. గాలి 20 పౌన్లకు తగ్గితే 75 కిలోమీటర్లకే తేలుతుంది. గాలి తక్కువైన టైరు వానలో ఎంత ప్రమాదమో చూడండి.

వెడల్పాటి టైరుకు ఒక చిక్కు ఉంది. అదే పీడనం ఉంటే టైరు వెడల్పు పెంచినా నేలను తాకే వైశాల్యం పెద్దగా పెరగదు. మారేది ఆకారం. పొడవు తగ్గి అడ్డం పెరుగుతుంది. ఇది మలుపులో మేలు చేస్తుంది, వానలో కీడు చేస్తుంది. దోనె ముక్కు సన్నగా ఉంటే నీటిని సులువుగా చీలుస్తుంది. తెప్ప అలా చీల్చలేదు. అందుకని అతివేగపు వేసవి టైరులో చుట్టూ తిరిగే లోతైన కాలువలు మూడో నాలుగో ఉంటాయి. బయటి అంచున మాత్రం గాళ్ళు తక్కువ, రబ్బరు దిమ్మలు పెద్దవి. మలుపులో బరువంతా ఆ అంచుమీదికి ఒరుగుతుంది కాబట్టి అవి గట్టిగా నిలబడాలి. ఇలాంటి టైరుమీద ఏ పక్క బయటికి ఉండాలో రాసే ఉంటుంది.

ఒక గ్రాము రెండు కిలోలు

మంచి ట్రెడ్డు ఒక్కటే చాలదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో పోర్షె వెనక చక్రం సెకనుకు 37 సార్లు తిరుగుతుంది. అప్పుడు ట్రెడ్డులోని ప్రతి గ్రాము రబ్బరునూ బయటికి లాగే అపకేంద్ర బలం దాదాపు రెండు కిలోల బరువుకు సమానం! దాన్ని పట్టి ఉంచాలి.

పట్టి ఉంచేది టైరు లోపలి కట్టడం. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ టైరులో లోపలి దారాలు ఒక అంచునుంచి రెండవ అంచుకు తిన్నగా అడ్డంగా పోతాయి. వాటిమీద ట్రెడ్డు కింద ఉక్కు తీగల పట్టీలు చుడతారు. దీనివల్ల పక్క గోడ మెత్తగా వంగుతుంది, ట్రెడ్డు మాత్రం బల్లపరుపుగా నేలను ఆనుకుంటుంది. అతివేగపు టైర్లలో ఉక్కు పట్టీలమీద నైలాను వంటి దారాన్ని చుట్టూ బిగించి చుడతారు. బండి చక్రానికి ఇనుప కమ్మీ బిగించినట్టే అనుకోండి.

టైరు తట్టుకోగల వేగానికి ఒక హద్దు ఉంటుంది. అది దాటితే నేలను వదిలిన ట్రెడ్డు భాగం యథాస్థితికి రాకముందే మళ్ళీ నేలను తాకే వంతు వస్తుంది. టైరు వెనక భాగంలో అలలు లేస్తాయి. వేడి విపరీతంగా పెరిగి కొద్దిసేపట్లోనే టైరు చిరిగిపోతుంది. టైరుమీద వేగపు అక్షరం వేసేది ఇందుకే.

ఒక రబ్బరు, రెండు పనులు

ఇప్పుడొక సందేహం రావాలి. బద్ధకపు రబ్బరు పట్టు ఇస్తుంది సరే, తిన్నగా దొర్లుతున్నప్పుడు కూడా అది శక్తిని వేడిగా మారుస్తుంది కదా! పెట్రోలు వృథా అవుతుంది. చురుకైన రబ్బరు వాడితే పెట్రోలు మిగులుతుంది, పట్టు పోతుంది. మెత్తని రబ్బరు వాడితే పట్టు పెరుగుతుంది, త్వరగా అరుగుతుంది. ఒకటి పట్టుకుంటే ఒకటి జారిపోతుంది.

దారి చూపింది ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతే. దొర్లేటప్పుడు టైరులోని ప్రతి భాగమూ సెకనుకు పది, ఇరవై సార్లు మాత్రమే వంగుతుంది. జారబోతున్నప్పుడు రోడ్డులోని సన్నని గరుకుతనం రబ్బరును సెకనుకు వేలు, లక్షల సార్లు కదుపుతుంది. వేగంగా కదపడమూ, చల్లబరచడమూ ఒకటే అన్నాం కదా! కాబట్టి ప్రయోగశాలలో రబ్బరు ముక్కను సున్న డిగ్రీల దగ్గర పరీక్షిస్తే తడి రోడ్డుమీద దాని పట్టు ఎంతో తెలుస్తుంది. 60 డిగ్రీల దగ్గర పరీక్షిస్తే దొర్లేటప్పుడు ఎంత శక్తి వృథా అవుతుందో తెలుస్తుంది. కావలసింది సున్న వద్ద బద్ధకంగా, 60 వద్ద చురుకుగా ఉండే రబ్బరు.

1992లో మిషెలిన్ కంపెనీ మసికి బదులు చాలావరకు సిలికా కలిపిన టైరును తెచ్చింది. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే, అతి సన్నని పొడిగా చేసినది. రబ్బరుకూ సిలికాకూ పొసగదు కనుక రెండింటినీ కలిపి పట్టే మరో రసాయనం జోడించారు. దానితో ఆ రెండు గుణాలూ చాలావరకు ఒకే టైరులో కుదిరాయి. నేటి వేసవి టైర్లు తడి రోడ్డుమీద కూడా గట్టిగా నిలబడడానికి ఇది ముఖ్య కారణం.

టైరు గోడమీది రాత

ఇక పోర్షె యజమానితో కలిసి దుకాణంలోకి వెళ్దాం. టైరు పక్క గోడే దాని జాతకం. ఉదాహరణకు '225/45 ఆర్ 17 91 డబ్ల్యూ' అని ఉందనుకోండి. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 45 అంటే గోడ ఎత్తు వెడల్పులో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 17 అంగుళాలు రిమ్ము వ్యాసం. 91 అనేది మోయగల బరువుకు సంకేతం, 615 కిలోలు. డబ్ల్యూ వేగపు హద్దు, గంటకు 270 కిలోమీటర్లు. టి అయితే 190, హెచ్ 210, వి 240, వై 300.

మొదటి మెట్టు కొలత. కారు తయారుచేసినవారు చెప్పిన కొలతే తీసుకోవాలి. మన కారుకు ముందు 235/40, 19 అంగుళాలు, వెనక 295/35, 20 అంగుళాలు. తాము పరీక్షించి ఒప్పుకున్న టైర్లమీద పోర్షె వారు 'ఎన్' అక్షరం, పక్కన ఒక అంకె వేయిస్తారు. కారు 290 దాటగలదు కనుక వేగపు అక్షరం వై ఉండాలి.

రెండవ మెట్టు రకం. అమెరికా పద్ధతి ప్రకారం టైరుమీద అరుగుదల అంకె ఒకటి ఉంటుంది. అంకె పెద్దదైతే ఎక్కువ కాలం మన్నుతుంది. పందెపు బాటకు దగ్గరగా ఉండే టైర్లమీద 200 లోపు, వేగపు వేసవి టైర్లమీద 300 ప్రాంతం, మామూలు కుటుంబ కార్ల టైర్లలో 500 కూడా చూడవచ్చు. మొదటి రకం పొడి బాటమీద సాటిలేనిది. కాని గాళ్ళు తక్కువ, వేడెక్కితేగాని పట్టు ఇవ్వదు, పెద్ద వానలో భయం. రోజూ కారులో పనికి పోతూ ఏ ఆదివారమో సరదాగా వేగంగా పోయే మనిషికి మధ్య రకమే తగినది.

మూడవ మెట్టు వాన. ఐరోపాలో అమ్మే టైరుమీద ఒక చీటీ అంటించి ఉంటుంది. ఇంధన ఆదా, తడి పట్టు, శబ్దం అందులో చూపుతారు. 2021 మే నుంచి మొదటి రెండింటికీ ఏ నుంచి ఇ వరకు అక్షరాలు ఇస్తున్నారు. తడి పట్టులో ఏ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 

నాలుగవ మెట్టు వయసు. గోడమీద చివర నాలుగు అంకెలు ఉంటాయి. '2324' అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని పెళుసుబారుస్తాయి. చవకగా వస్తుందని పాత సరుకు కొనరాదు.

మన ఎండలు, మన టైర్లు

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ స్థాయి పందెం జరిగింది. ఫార్ములా ఇ అనే ఆ పోటీలో కార్లకు నున్నని టైర్లు వాడలేదు. ఎండకూ వానకూ ఒకటే గాళ్ళ టైరు! మార్చుకోవడానికి ఎన్నో రకాల టైర్లు మోసుకు తిరగడం తగ్గించాలని ఆ పోటీ నియమం.

మనకు మంచు పడదు. టైరు దృష్టితో చూస్తే మన సంవత్సరమంతా వేసవే! అయితే మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. ఎండాకాలంలో గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని, ముందే గాలి తగ్గించి కొట్టిస్తారు. ఇది నిజమేనా?

27 డిగ్రీల వద్ద 35 పౌన్ల గాలి ఉన్న టైరు ప్రయాణంలో 57 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. పరమ ఉష్ణోగ్రత 300 నుంచి 330కి, అంటే పదో వంతు పెరిగింది. వాతావరణ పీడనం కూడా కలిపి లెక్కవేస్తే మీటరు 40 పౌన్లు చూపుతుంది. ఈ పెరుగుదల తయారీదారు లెక్కలో ముందే ఉంది. మంచి టైరుకు అది లెక్కలోనిది కాదు. కాని గాలి తగ్గిస్తే పక్క గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. వంగినకొద్దీ వేడెక్కుతుంది. వేడికి రబ్బరు, దారాలు విడిపోతాయి. చివరకు ఏ భయంతో గాలి తగ్గించారో అదే జరుగుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట! గాలి ఎప్పుడూ బండి బయలుదేరకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పినంతే కొట్టించాలి.

గాళ్ళ లోతు కూడా చూడాలి. కొత్త టైరులో ఇది ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. కార్లకు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మన దేశపు మోటారు వాహనాల నియమం. గాడి అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. ట్రెడ్డు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే.

చేసి చూడండి

1. ఒకే రకం రబ్బరు బంతులు రెండు తీసుకోండి. ఒకదాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో ఉంచండి. రెండింటినీ ఒక మీటరు ఎత్తునుంచి గచ్చుమీద వదలండి. ఎంతెంత ఎగిరాయో గోడమీద గుర్తుపెట్టి కొలవండి. చల్లని బంతి తక్కువ ఎగురుతుంది. తగ్గిన ఆ శక్తి ఏమైంది?

2. పెన్సిలు రబ్బరు ముక్కమీద చిన్న బరువు పెట్టి, స్ప్రింగు త్రాసుతో గాజు పలకమీద మెల్లగా లాగండి. తరువాత పలకను తడిపి లాగండి. తుడిచి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లి లాగండి. మూడుసార్లూ కదలడం మొదలైనప్పుడు త్రాసు ఎంత చూపిందో రాసుకోండి. వాన మొదటి చినుకులకు దుమ్ము తడిసిన రోడ్డు ఎందుకు ఎక్కువ జారుతుందో ఆలోచించండి.

3. మీ ఇంట్లో స్కూటరో, కారో ఉంటే దాని టైరు గోడమీది రాత నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. వెడల్పు, గోడ ఎత్తు, వేగపు హద్దు, పుట్టిన వారం కనుక్కోండి. తరువాత గాళ్ళ అడుగున గట్లు వెతికి, ట్రెడ్డు వాటికంటే ఎంత ఎత్తున ఉందో చూడండి. సమానమైపోయి ఉంటే ఆ సంగతి ఈ రోజే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి.